మా గోడ పుస్తకానికెక్కిన వైనం

మా ఇల్లు పుస్తకంలో అచ్చయింది. ఎలా అచ్చయిందో చెబితే నవ్వుతారు. అయినా చెబుతాను, కూర్చోండి.

చీరాలకు పడమరగా ఉన్న మా పల్లెలో మా తాత కట్టించిన ఇటుక ఇల్లు మాది. పూత ఎప్పుడో రాలిపోయి, వీధి వైపు గోడంతా ఎర్రగా బయటపడి ఉండేది. ఊళ్ళో ఎస్టీడీ బూతు పెట్టిన కొత్తలో, గుంటూరు నుంచి ఒక మేడం గారు వచ్చింది. ఇంజనీరింగు కాలేజీలో పాత కట్టడాల గురించి పాఠం చెబుతుందట. పాత ఇళ్ళ మీద పుస్తకం రాస్తోందట.

ఆమె ఆ గోడ ముందు గుళ్ళో నిలబడ్డట్టు నిలబడింది. "ఇటుక ఎంత పలచగా ఉందో చూడండి తాతగారూ, ఇప్పటి ఇటుకలో సగం లేదు. గానుగ సున్నం, కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపి కట్టారు. గుమ్మం మీద కమానుకి కర్రే లేదు, ఇటుకకి ఇటుకే ఆసరా" అంది. తరవాత ఒక ఇటుక మీద చెయ్యి పెట్టింది. దాని మీద మూడు వేళ్ళ గుర్తులు. పచ్చిమట్టి మీద ఇటుకలు చేసినవాడు వదిలిన గుర్తులు. డెబ్బై ఏళ్ళుగా ఆ గోడ పక్కన మంచం వేసుకుంటున్నాను, నాకు కనపడలేదు.

"సున్నపు గోడ ఊపిరి పీలుస్తుంది. గురువారం ఫొటోగ్రాఫరును తీసుకొస్తాను. మీరేమీ చెయ్యకండి, ఇలాగే ఉంచండి" అని వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం నాకు నిద్ర పట్టలేదు, మెలకువా లేదు. కళ్ళంలో ఎండుతున్న మిరపకాయల ఘాటు గాలిలో తేలి వస్తోంది. ఆ మూడు వేళ్ళ మీద నా మూడు వేళ్ళు ఆనించాను. సరిగ్గా సరిపోయాయి. ఎవరు బాబూ నువ్వు? ఆ పూట ఏం తిన్నావు? ఎండ ఇలాగే కాసిందా? గోడకు చెవి ఆనించి ఊపిరి వినపడుతుందేమోనని చూశాను. లోపల ఎక్కడో సముద్రం ఉన్నట్టు సన్నగా హోరు.

"ఏమయ్యా, గోడతో ఏం మాట్లాడుతున్నావు?" అంది మా ఆవిడ సుబ్బులు.

"ఊపిరి వింటున్నా."

"నీదే అయ్యుంటుంది. లేచి మజ్జిగ తాగు."

ఇక్కడే నా బుద్ధి పనిచేసింది. మా వైపు చుట్టం "ఏమీ చెయ్యకండి" అంటే మర్యాదకు అన్నట్టు. ఆ మాట నమ్మి ఊరుకున్న ఇంటివాళ్ళను ఊరంతా ఆడిపోసుకుంటుంది. వద్దన్నకొద్దీ గారెలు వెయ్యాలి. మరి మా తాత కట్టించిన గోడ, ఫొటోకు చిరుగు చొక్కాతో నిలబడుతుందా?

"ఉంచమంది కదయ్యా ఆ తల్లి" అంది సుబ్బులు.

"ఎవరైనా ఉంచమనే అంటారు. నీకు తెలీదు, ఊరుకో" అన్నాను. నేను ఒకటి అనుకున్నాక మా ఇంట్లో దానికి తిరుగు లేదు.

బుధవారం మేస్త్రి కోటయ్యను పిలిపించాను. "పెదనాన్నా, సిమెంటు రుద్దితే నీ తరవాత కూడా ఉంటుంది" అన్నాడు. సాయంత్రానికి గోడ అద్దంలా అయింది. పైన నీలం రంగు కూడా వేయించాను.

గురువారం మేడం కారు దిగింది. రెండడుగులు వేసి ఆగింది. "తాతగారూ, గోడ ఏది?"

"ఇదేనమ్మా" అన్నాను, మీసం దువ్వుతూ.

ఆమె దగ్గరికి వెళ్ళి సిమెంటు మీద చెయ్యి పెట్టి చూసింది. అరుగు మీద కూర్చుంది. తిట్టినా బాగుండేది. "ఆ వేళ్ళు?" అంది.

అప్పుడు తెలిసింది నాకు. మిగిలిన అంచులు సర్దడానికి వచ్చిన కోటయ్య చేతిలోంచి ఉలి లాక్కుని నేనే చెక్కడం మొదలుపెట్టాను. సిమెంటు ఊడింది, కానీ ఇటుక చర్మాన్ని కూడా పట్టుకుని ఊడింది. ఆ మూడు వేళ్ళ చోట ఎర్రటి పొడి మాత్రం మిగిలి, నా కాళ్ళ మీద రాలింది. కోటయ్య నా మొహం చూడకుండా తాపీ కడుక్కున్నాడు.

సగం నీలంగా, సగం గాయంగా ఉన్న ఆ గోడకే ఫొటో తీశారు.

"పుస్తకంలో వేస్తావామ్మా?" అని అడిగాను, సిగ్గు విడిచి.

"తప్పకుండా వేస్తాను తాతగారూ" అంది. ఎంత మంచి మనిషో అనుకున్నాను.

ఏడాదికి పుస్తకం పోస్టులో వచ్చింది. పేజీ నిండా మా గోడ. సుబ్బులు కళ్ళు ఇంతలు చేసుకుంది. "కింద ఏదో రాశారే, చదువు."

కింద ఇలా ఉంది: 'పాత సున్నపు గోడకు సిమెంటు పూస్తే ఏమవుతుందో ఇది ఉదాహరణ. ఎవరూ ఇలా చేయకండి.'

గొంతు సవరించుకుని చదివాను: "ఈ ఇంటి పెద్దాయన గోడను కంటికి రెప్పలా చూసుకున్నాడు."

"ఆ మాటకేనా అంత చెమటలు పడుతున్నాయి నీకు?" అంది సుబ్బులు.

యాభై దాటాక రాత్రి బడికి వెళ్ళి, లాంతరు వెలుగులో వేళ్ళు నొప్పి పుట్టేలా దిద్ది చదువు నేర్చుకున్నాను. నా గురించి అచ్చులో పడ్డ మొదటి మాట ఇది. ఒక్క అక్షరం తడుముకోకుండా, మొత్తం తప్పు చదివాను.