ఏడు ముళ్ళ దారం

"ఎంత దూరమండీ?" అని ఎవరైనా అడగడం ఆలస్యం, దారం బాబాయి చేతులు దారపు ఉండ విప్పుతూ ఉండేవి. ఒక కొస గోడమీది పటంలో మా ఊరి గుండుసూదికి చుట్టి, రెండో కొస అవతలి ఊరి గుండుసూదిదాకా బిగించి లాగేవాడు. కళ్ళజోడు నుదుటిమీదికి తోసి తీర్పు చెప్పేవాడు: "జానెడూ రెండు వేళ్ళూ."

మా చిన్న విమానాశ్రయంలో విచారణ కిటికీ ఆయనది. సామాన్ల బండ్లకు చక్రాలు బిగించే పని నాది. ఆయన ముందున్న కంప్యూటరు మూడువందల పది కిలోమీటర్లు, యాభై ఐదు నిమిషాలు అని చూపిస్తూనే ఉండేది. అది పనికొచ్చే యంత్రమేనని ఆయనా ఒప్పుకునేవాడు. పైన వెచ్చగా ఉంటుందని టీ గ్లాసు దానిమీదే పెట్టుకునేవాడు.

కత్తిరించిన దారానికి ముళ్ళు వేసి ప్రయాణికుడి చేతిలో పెట్టేవాడు. "పది నిమిషాలకొకటి విప్పుకోండి. ముళ్ళు అయిపోయేలోపు దిగిపోతారు."

"బాబాయ్, యాభై ఐదు నిమిషాలకు ఆరు ముళ్ళు చాలుగా. ఏడు వేశావేం?" అన్నాను ఒకసారి.

"దారం మిగిలిందిరా."

"కొలతంటే కొలతలా ఉండాలి బాబాయ్."

"నువ్వెళ్ళి చక్రాలు చూసుకో."

ఆ వానాకాలం వంతెన కొట్టుకుపోయి బస్సులు ఆగాయి. మా ఇంటికొచ్చిన అక్క తిరిగి వెళ్ళాలంటే విమానమే గతి. అవతల బావకు గుండె ఆపరేషనై ఇరవై రోజులు. కంగారు పెట్టొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. అక్కకేమో అదే మొదటి విమానం. బాబాయి ఆమెకూ దారమిచ్చాడు, ఏడు ముళ్ళతో.

పదింటికి విమానం లేచింది. పది యాభై ఐదుకు దిగలేదు. పదకొండుకూ దిగలేదు. అక్కడ వాన, పైన తిరుగుతోందన్నారు. నా చేతిలో పానా జారి నా కాలిమీదే పడింది. కుంటుతూ వెళ్ళి బావకు ఫోన్ చేశాను.

"బావా, నువ్వేం కంగారు పడకు."

"నాకెందుకురా కంగారు? గంటా పది నిమిషాలు పడుతుందని మీ బాబాయి పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాడు. ఇంకా టైముంది, ఎయిర్‌పోర్టు బయట కార్లో కూర్చున్నా. నీ గొంతేంటి అలా ఉంది?"

కిటికీ దగ్గరికెళ్ళాను. బాబాయి నన్ను చూడకుండానే ఒక దారం ముక్కకు ముడి వేసి ఇచ్చాడు.

"ఇదెందుకు?"

"విప్పుకో. కొలతలు బాగా తెలిసినవాడివిగా, నీకే అవసరం."

ఆ ముడి సగం విప్పానో లేదో ఫోన్ మోగింది. పదకొండూ ఆరు నిమిషాలు.

"ఒరేయ్, నాలుగు నిమిషాలు ముందే దింపేశాడు. డ్రైవరు గట్టివాడే," అన్నాడు బావ. వెనకనుంచి అక్క గొంతు: "తమ్ముడూ, ఒక ముడి మిగిలిపోయింది. ఏం చెయ్యాలో బాబాయిని అడుగు."

అడిగాను.

"దాచుకోమను. మళ్ళీ రావాలిగా," అన్నాడు బాబాయి, టీ గ్లాసు అందుకుంటూ. అప్పటిదాకా దాన్ని ముట్టుకోలేదు కాబోలు, మీగడ కట్టి ఉంది.

మర్నాడు ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు ఒక ముసలమ్మ కిటికీ దగ్గరికొచ్చింది.

"ఎంత దూరం నాయనా?"

నూనె చేతులు తుడుచుకుని దారం లాగాను. "జానెడూ రెండు వేళ్ళూ, మామ్మా." ఆరు ముళ్ళు వేశాను. కాస్త ఆగి ఏడోది కూడా వేసి, బిగుసుకుపోకుండా వదులు చేసి, ఆమె చేతిలో పెట్టాను.