ఖాళీగా వదిలిన ఆగస్టు

మా సారు పోయారని పొద్దున ఏడింటికి ఫోను వచ్చింది. బడిలో నాకు సైన్సు చెప్పిన సారు. ఆ తరువాత ముప్పై ఏళ్ళకు పైగా మా ఊరి వానను, ఎండను కొలిచిన సారు. ఫోను చేసినాయన, "ఎండ దెబ్బ తగిలిందంటప్పా, శానా ఎక్కువుండాది గదా" అన్నాడు. దుఃఖం కన్నా ముందు నాకు విసుగు వచ్చింది. వాడికె కంటే ఎంత ఎక్కువో చెప్పకుండా 'శానా' అంటే సారు ఒప్పుకునేవారా? వాడికె అనేది కన్నడం మాట. ఏటా ఆ నెలలో మామూలుగా ఉండవలసినంత అని అర్థం. వానకైనా, ఎండకైనా అదే మాట.

మా ఊరు బళ్ళారి నుంచి పోతే రూపనగుడి దాటినాక వస్తుంది. కాలువ నీళ్ళు మా దాకా రావు. మా నల్లరేగడికి వానే దిక్కు. బడి ఆవరణలో కంచె వేసి, లోపల వాన డబ్బా పెట్టారు. పైన గరాటు, లోపల సీసా, అంతే. రోజూ ఎనిమిదిన్నరకు సారు తాళం తీసి, సీసాలోని నీళ్ళను కొలగ్లాసులో పోసి, కళ్ళ ఎత్తుకు పట్టుకుని చూసి, పొడుగు బుక్కులో రాసేవారు. పోసే ముందు గ్లాసును పంచె చెంగుతో తుడిచేవారు. పక్కన చెక్కపెట్టెలో థర్మామీటర్లు. నెలాఖరున అడ్డగీత గీసి కింద ఒకే ఒక మాట రాసేవారు: తక్కువ, ఎక్కువ, లేకపోతే వాడికె. దాని నకలు తాలూకా ఆఫీసుకు పంపేవారు. రిటైరయినా ఆ పని మానలేదు. మానమని చెప్పేవాళ్ళూ లేరు, మేం చేస్తామని వచ్చినవాళ్ళూ లేరు.

నిజం చెప్పాలంటే ఆయనతో వేగడం కష్టం. బళ్ళారి సీమలో పుట్టినవాడికి ఎండను తిట్టుకోవడం ఒక సుఖం. అదీ దక్కనిచ్చేవారు కాదు. టీ అంగడి దగ్గర ఎవరైనా "ఇట్లాంటి ఎండ యాడా చూడలే సార్" అంటే చాలు, "పోయిన ఎండ ఎవునికీ గుర్తుండదప్పా. ఉండు, బుక్కు తెస్తా" అని ఇంటికి బయలుదేరేవారు. టీ చల్లారిపోతుంటే మేము పాత ఎండలన్నీ వినాలి. కొన్నాళ్ళకు, సారు వీధి మలుపులో కనబడగానే మావాళ్ళు ఎండ మాట ఆపి ఎలక్షన్ మాట ఎత్తుకోవడం మొదలుపెట్టారు.

అట్లాగని లెక్కను గుడ్డిగా నమ్మే మనిషి కాదాయన. ఒక జూలైలో నెలంతా ఎండ కాసి, చివర ఒక్క పూట కుండపోతగా కురిసి విత్తనాలన్నీ కొట్టుకుపోయాయి. నెల మొత్తం చూస్తే వాడికెకు సరిపోయింది. సారు ఆ మాటే రాసి, కలం మూసి, "ఒక పూట ముప్పై ముద్దలు తిని, నెలంతా పస్తుంటే, దినానికొక ముద్ద తిన్నట్టే లెక్క. లెక్కలో తప్పు లేదప్పా. కడుపును అడుగు" అన్నారు. ఇప్పటికీ సంగటి ముద్ద ముందు కూర్చుంటే ఆ మాట గుర్తుకొస్తుంది.

ఇక నా సంగతి. రెండేళ్ళ కిందట ఆగస్టులో సారుకు కంటి ఆపరేషన్ అయింది. నెల పాటు బళ్ళారి బ్రూస్‌పేటలో కూతురింట్లో ఉండవలసి వచ్చింది. తాళం చెవి, బుక్కు నా చేతికిచ్చి, "ఎనిమిదిన్నరకప్పా. ఎనిమిదీ కాదు, తొమ్మిదీ కాదు" అన్నారు. మొదటి వారం పెళ్ళి ముహూర్తానికి పోయినట్టు పోయాను. వాన లేదు. మబ్బు తునక కూడా లేదు. రెండో వారం నుంచి మానేశాను. రాని వానను ఏమని రాయాలి? వచ్చినప్పుడు రాద్దాంలే అని గళ్ళు ఖాళీగా వదిలేశాను. సేద్యగాడి బుద్ధి అది. పండినదాన్ని కొలుస్తాం గాని, పండనిదాన్ని ఎవరైనా కొలుస్తారా? నెలాఖరున నకలు కాగితాన్ని అట్లాగే పంపించాను.

ఖాళీ గడి అంటే వాన రాలేదని కాదట, లెక్క రాలేదనట. లెక్క రాని చోట పక్క డబ్బా లెక్కతో నింపుతారట. మా పక్క డబ్బా ఎక్కడో గుట్టల దాపున ఉంది. అక్కడ ఆ నెల బాగా కురిసింది. ఆ వానంతా మా కాగితం మీద పడింది. చేలో పత్తి మాత్రం పూత రాలి, కట్టెలై నిలబడింది. పరిహారం దొరికే కరువు ఊళ్ళ పట్టీ వచ్చింది. అందులో మా ఊరు లేదు.

సారు తిరిగొచ్చాక ఇద్దరం ఆఫీసుకు పోయాం. కేస్ వర్కర్ అనే గుమాస్తా కంప్యూటర్ చూస్తూ, "వాడికె మళె ఆగిదె సార్" అన్నాడు. మామూలు వాన పడింది కదా అని.

"యాడ పడింది స్వామీ? మా చేనికి రా, చూపిస్తా!" అని అరిచాను.

ఆ మనిషి చెడ్డవాడేం కాదు. గొంతు తగ్గించి, "ఆ ఖాళీల్లో ఇప్పుడు సున్నాలు పెట్టి తెచ్చేయండి సార్, పైకి పంపుతా" అన్నాడు. నేను జేబులోంచి కలం తీశాను. సారు బుక్కు మూసి చంకలో పెట్టుకున్నారు.

"ఆ దినాల్లో మూత తీసి చూసినావా?" అని నన్ను అడిగారు.

"చూళ్ళేదు సార్. వాన రాలేదని ఊరంతటికీ తెలుసు గదా."

"ఊరికి తెలిసింది ఊరు చెప్పల్ల. బుక్కులో చూసిందే రాయల్ల. ఈ పొద్దు చూడని సున్న పెడితే, రేపు చూసిన వాన రాసినా ఎవుడు నమ్ముతాడప్పా?"

"మీ బుక్కు పిండితే నీళ్ళొస్తాయా సార్, చేనికి పెట్టేకి?" అన్నాను, అందరి ముందూ. బస్సులో ఆయన పక్కన కూర్చోలేదు. ఏడాది పైగా ఆయన గడప తొక్కలేదు. ఆ దినాల్లో ఎవరూ చూడలేదు, వచ్చి చేలు చూడండి అని ఆయన అర్జీ మీద అర్జీ రాస్తూనే పోయారు. ఒక్కరూ రాలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. ఆయనది న్యాయమని ఒప్పుకుంటే నా పత్తి పచ్చబడదు. తప్పందామంటే నోరు రాదు.

మీకు ఇంకొకటి చెప్పాలి. సారు తాళం ఎవరికీ ఇవ్వకుండా కూతురింటికి పోయారని, ఆ ఖాళీలు ఆయనవేనని ఊరు అనుకుంది. నా చేను బడి వెనకే కాబట్టి నేను అటు పోవడం ఎవరికీ వింతగా తోచలేదు. కళ్ళు కనపడని ముసలాయన డబ్బా వదలకుండా ఊరి కొంప ముంచాడని ఆయన ముఖం మీదే అన్నారు. "బుక్కు నాది. బుక్కులో తప్పుకు జవాబూ నాదే" అన్నారు గాని, సారు నా పేరు ఎత్తలేదు. నేను అక్కడే నిలబడి విన్నాను. నోరు తెరిస్తే, పత్తి పోయిన వాళ్ళంతా నా వైపు తిరుగుతారని భయం. ఆయన మీద కోపం అంతకాలం ఎందుకు పట్టుకుని ఉన్నానో, ఈ మాట రాస్తుంటే నాకు తెలుస్తోంది.

ఫోను వచ్చిన పొద్దున వెళ్ళేసరికి సారును వసారాలో పడుకోబెట్టారు. బయట పది పన్నెండు మంది కూర్చుని ఉన్నారు. అందులో ఒక పెద్దాయన నిట్టూర్చి, "మంచోడే పాపం. ఆ పొద్దు ఆ సున్నాలేవో పెట్టింటే ఊరు బాగుపడిండేది" అన్నాడు. నేను తల వంచుకున్నాను. అంతలో సారు భార్య లోపలి నుంచి వచ్చింది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు బొంగురుపోయింది. నా చేతిలో తాళం చెవి, బుక్కు పెట్టి, "ఎనిమిదిన్నర అయితాండాది. పోయి చూసిరా నాయనా" అంది.

"ఇంత ఎండలో వాన యాడిదమ్మా?"

"రాకున్నా రాయల్లని మీ సారు చెప్తానే ఉండె గదప్పా."

పోయాను. మూత తీశాను. గరాటులో ఒక ఎండుటాకు, సీసా అడుగున కొంచెం దుమ్ము. పంచె చెంగుతో గ్లాసు తుడిచి, సీసాను అందులో బోర్లించి, కళ్ళ ఎత్తుకు పట్టుకుని చూశాను. బుక్కులో నిన్నటి దాకా ఆయన సున్నాలు, గుండ్రంగా, ఒకదాని కింద ఒకటి. వాటి కింద నేనూ ఒక సున్న పెట్టాను. చూసినవారి గడిలో నా పేరు రాశాను.

తిరిగొచ్చి, అందరి మధ్యా బుక్కు తెరిచి, రెండేళ్ళ కిందటి ఆగస్టు తీసి పెట్టాను. "ఈ ఖాళీలు సారువి కాదు. తాళం నా దగ్గరుండె. వదిలింది నేను" అన్నాను. ఆ పెద్దాయన బుక్కును ఒళ్ళోకి తీసుకుని, చదువు రాని వేలితో ఆ ఖాళీ గళ్ళను పైనుంచి కిందికి ఒక్కొక్కటే తాకుతూ పోయాడు. చివరి గడి మీదికి వచ్చాక వేలు ఆగింది.