గుండయ్య పట్టిన సిగ్నల్ దొంగ

గుండయ్య లెక్క ప్రకారం ఈ లోకంలో ఏ వస్తువూ దానంతటది చెడిపోదు, ఎవరో ఒకరు చెడగొడితేనే చెడిపోతుంది. ఫ్యాను ఆగినా, నల్లా కారినా, గడియారం వెనకబడినా ఆయన మొదట అడిగేది "ఏమైంది?" అని కాదు, "ఎవరు?" అని. సిటీ బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి. టికెట్ తీసుకోకుండా కిటికీలోంచి అమాయకంగా బయటికి చూసేవాళ్లను పట్టీ పట్టీ, అదే చూపుతో ఇంట్లోవాళ్లనూ చూడడం అలవాటైపోయింది. జేబులో విజిల్ కూడా అలాగే ఉండిపోయింది. ఒక విజిల్ వేస్తే ఎక్కడివాళ్లు అక్కడ ఆగాలి. రెండు వేస్తే రైట్ రైట్, ఎవరి పని వాళ్లు చూసుకోవచ్చు. గౌలిపురలోని ఆ ఇంటికి కోడలిగా వచ్చిన పూజితకు ఏ డబ్బాలో ఏ పప్పుందో తెలియకముందే ఈ విజిళ్ల భాష వచ్చేసింది.

దొంగ దొరికాక గడప మీద నిలబడి, గల్లీ అంతా వినేలా పేరు చాటడం ఆయనకు పండగ. పూజిత కాపురానికి వచ్చిన కొత్తలో మిక్సీ కాలిపోయింది. పసుపు కొమ్ములు వేసి తిప్పింది తనే. మామ విచారణ మొదలుపెట్టేసరికి ఆమె తలుపు వారకు జరిగింది. ఆయన అందరినీ నిలబెట్టి అడిగి, మిక్సీని వాసన చూసి, చివరికి దొంగ తన కొడుకు అభిషేకేనని తేల్చాడు. మంచినీళ్లు కూడా చేతికి అందిస్తేనే తాగే అభిషేక్, వంటిల్లు ఎటు ఉందో గుర్తు చేసుకుంటున్నట్టు నిలబడిపోయాడు. పూజిత ఊపిరి పీల్చుకుంది. మామకు లొల్లి ఎక్కువ, పత్తా పట్టేది తక్కువ అని ఆ రోజే ఒక నిర్ణయానికి వచ్చేసింది.

అలాంటి ఇంట్లో టీవీ సిగ్నల్ పోవడం మొదలైంది. అదీ ఒక్క గదిలోనే. డాబా మీద డిష్ ఒకటే, దాన్నుంచి దిగిన వైర్లు రెండు. ముందు గదిలో బొమ్మ అద్దంలా వస్తుంది. వెనక గదిలో పగలంతా బాగానే వచ్చి, దీపాలు పెట్టే వేళకు ముక్కలు ముక్కలై నల్లబడిపోతుంది. కాసేపటికి ఏమీ ఎరగనట్టు మళ్లీ వస్తుంది.

మామూలప్పుడైతే ముందు గదిలోకి పోయి చూసుకునేవాళ్లు. కానీ గుండయ్య భార్య నాగమణమ్మ నల్లా దగ్గర జారిపడి, తొడదాకా పిండికట్టుతో వెనక గదిలో మంచం మీద ఉంది. ఆదివారం సాయంత్రం ఆమె కూతురి కూతురు ఆశ్రిత టీవీలో పాటల పోటీ చివరి రౌండులో పాడబోతోంది. మనవరాలు పాడుతుంటే చూడకపోతే ఈ కాలు బాగైనా ఒకటే, కాకపోయినా ఒకటే అని నాగమణమ్మ తేల్చి చెప్పింది. పోనీ మంచం ముందు గదికి మారుద్దామంటే ససేమిరా ఒప్పుకోలేదు.

"ముందటింట్ల నలుగురొచ్చి కూసుంటరు. ఆళ్ల నడుమ నేను కాలు చాపుకొని పండాల్నా?"

వెనక గదికి కొత్త వైరు లాగుదామన్నాడు అభిషేక్. గుండయ్యకు ఆ మాట అసలు గిట్టలేదు.

"దొంగను ఇంట్ల పెట్టుకొని కొత్త తాళమేస్తే ఏం ఫాయిదా రా? మొదలు దొంగ దొరకాలె."

ఇక దర్యాప్తు మొదలైంది. మెకానిక్ పొద్దున వచ్చాడు, బొమ్మ బుద్ధిగా వచ్చింది. ఆయన అటు పోయాడు, సాయంత్రం బొమ్మ ఇటు పోయింది. రెండు గదుల బాక్సులు మార్చి చూశారు. వెనక గది బాక్సు ముందు గదిలో బంగారంలా పనిచేసింది, ముందు గది బాక్సు వెనక్కి రాగానే మూగబోయింది. బాక్సులు నిర్దోషులని గుండయ్య ప్రకటించాడు. దొంగ వైరు మీదే ఉన్నాడు. సిగ్నల్ పోయిన క్షణంలో ఎవరెక్కడ ఉన్నారో చెప్పాలి. పూజిత కుక్కర్ పెట్టానంది. అయితే కుక్కర్ మీద అనుమానం. అభిషేక్‌ను డాబా ఎక్కించి, ఒక విజిల్ వేస్తే డిష్ తిప్పడం ఆపమని, రెండు వేస్తే మళ్లీ తిప్పమని చెప్పాడు. కింద కుక్కర్ వరసగా కూతలు పెట్టింది. పైన అభిషేక్ ఆగుతూ, తిప్పుతూ, ఆగుతూ, చివరికి డిష్ ముఖాన్ని చాంద్రాయణగుట్ట వైపు పెట్టేశాడు. ఆ పూట ముందు గదిలోనూ బొమ్మ పోయింది. దాన్ని మళ్లీ దారికి తేవడానికి మెకానిక్ కాళ్లు పట్టుకోవాల్సి వచ్చింది.

ఆదివారం వచ్చేసింది. వెనక గది నిండిపోయింది. గల్లీలో సగం మంది నాగమణమ్మ మంచం చుట్టూ చేరారు. ఎదురింట్లో కొత్తగా దిగిన మనీష్ కూడా వచ్చాడు. పెద్దమనిషే గానీ, వెనక గల్లీలో ఎల్లయ్య కొట్టం నుంచి వాసన వస్తోందని, ఆ రెండు బర్రెలనూ ఊరి బయటికి పంపించేదాకా నిద్రపోనని రోజూ అంటుంటాడు. మున్సిపాలిటీకి చెప్పడానికి ఇంకొక్క గట్టి కారణం దొరికితే చాలని ఆ రోజు కూడా అన్నాడు. ఎల్లయ్య బతుకంతా ఆ రెండు బర్రెల మీదే అని అందరికీ తెలుసు.

పోటీ మొదలైంది. తర్వాత పాడేది ఆశ్రితే అన్నారు. అంతే, బొమ్మ ముక్కలైపోయింది. గది మొత్తం ఒక్కసారి ఉసూరుమంది. నాగమణమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. గుండయ్య మాత్రం టీవీని చూడలేదు. గోడకు చెవి ఆనించి కాసేపు విన్నాడు. తర్వాత ఒక విజిల్ వేసి, ఎవరూ కదలొద్దని చెప్పి, వెనక గల్లీలోకి పరుగెత్తాడు. ఆ వయసులో ఆయన అలా పరుగెత్తడం పూజిత ఎప్పుడూ చూడలేదు.

రెండు నిమిషాల్లో బొమ్మ తళుక్కున వచ్చింది. ఆశ్రిత మైకు ముందు నిలబడి ఉంది. గోడ పైనున్న వెంటిలేటర్‌లోంచి గుండయ్య గొంతు వినిపించింది.

"దొంగ దొరికిండు. నేనే. మొన్న వైరు ముడి నేనే వదులుగ బిగించిన. ఇప్పుడు పట్టుకొని నిలవడ్డ. ఎవ్వలు ఇటు రావొద్దు, పాట చూడుండ్రి."

గది ఘొల్లుమంది. ఈ మనిషి తప్పు ఒప్పుకోవడం పెళ్లయినప్పటి నుంచి ఇదే మొదటిసారని నాగమణమ్మ మనవరాలి మీద ఒట్టేసి చెప్పింది. మనీష్ కూడా కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. ఆశ్రిత పాట ఎత్తుకుంది. బొమ్మ రెప్ప కూడా కొట్టలేదు. చరణం అయ్యేసరికి నాగమణమ్మ కట్టున్న కాలుతోనే తాళం వేయబోయింది, నలుగురు కలిసి ఆపారు.

మనవరాలి పాట చూడకుండా మామ వైరు పట్టుకుని నిలబడ్డాడని పూజితకు మనసు ఒప్పలేదు. గ్లాసులో టీ పోసుకుని వెనక గల్లీలోకి వెళ్లింది. ఎల్లయ్య పాల క్యాన్లు వేసుకుని ఇళ్లకు పొయ్యడానికి పోయినట్టున్నాడు, కొట్టంలో లేడు. కొట్టాన్ని ఆనుకున్న తమ ఇంటి గోడ వెంట దిగిన వైరు గొట్టం మీద నల్లటి వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. దాని పక్కనే పెద్ద బర్రె. గుండయ్య వైరు పట్టుకోలేదు. కొబ్బరిపీచుతో ఆ బర్రె మెడ కింద, చెవుల వెనక, రెండు చేతులా గీకుతున్నాడు. బర్రె కళ్లు మూసుకుని, మెడ చాపి, స్వర్గంలో ఉంది. పాలు పిండాక రోజూ ఆ గొట్టానికి మెడ రుద్దుకుని వైరు కదిలించేది అదే.

పూజిత నోరు తెరవబోయింది. గుండయ్య వెంటిలేటర్ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. లోపల మనీష్ నవ్వు ఇంకా వినిపిస్తూనే ఉంది. ఆమెకు విషయమంతా అర్థమైంది. ఎప్పటి సంగతో కూడా ఒకటి గుర్తొచ్చింది.

"మామా, ఆ మిక్సీ సంగతి గూడ మీకు తెలుసా?" అంది మెల్లగా.

"నీ గోళ్లు పచ్చగ ఉండె బిడ్డా. అభిషేక్‌ది మందం తోలు. ఏ పేరు పెట్టినా నవ్వుకుంట పోతడు."

పూజితకు నవ్వొచ్చింది, మామ మీద పొంగుకొచ్చే ప్రేమ కూడా వచ్చింది. ఇన్నాళ్లూ పత్తా తెలియనిది ఎవరికో ఇప్పుడు తెలిసింది. టీ గ్లాసు దిమ్మె మీద పెట్టి, ఇంకో పీచు తీసుకుని రెండో పక్క గీకడం మొదలుపెట్టింది. లోపల చప్పట్లు మోగాయి. ఆశ్రితకే మొదటి బహుమతి అని ఎవరో అరిచారు.

గుండయ్య చేతులు బర్రెను వదిలేలా లేవు. గడ్డంతో తన చొక్కా జేబు చూపించాడు.

"విజిల్ తియ్ బిడ్డా. రెండు కొట్టు."

పూజిత విజిల్ తీసి, గౌలిపుర అంతా వినపడేలా రెండు కొట్టింది.