పిన్ని పడవకు మెత్తలు

మా పిన్ని ముప్పై ఏళ్లుగా సోఫాలు కుడుతోంది. యాభై మూడో ఏట తగుదునమ్మా అని ఒక పాత ప్లాస్టిక్ కయాక్ కొనుక్కొచ్చింది. అంటే ఒక్క మనిషి పట్టే సన్నటి పడవ. చెరువు దగ్గర పడవలు నేర్పే మాస్టారు ఒకటే షరతు పెట్టాడు. పడవతో సహా బోర్లా పడి, అందులోంచి దిగకుండా, తెడ్డు ఊతంతో మళ్లీ పైకి లేవాలి. అప్పుడే చెరువు దాటనిస్తాడట. అందుకు పడవ లోపలి సీటు మనిషి నడుముని గట్టిగా పట్టి ఉంచాలి. ఇదేమో పిన్ని ఎటు వంగితే అటు జారిపోయేంత వదులు.

"సీటు బిగించడం నాకొకరు నేర్పాలా?" అంది పిన్ని. మెత్తటి సోఫా స్పాంజి తెచ్చి లోపల రెండు పక్కలా అంటించింది. ఆదివారం చెరువులో దిగి బోర్లా పడింది. స్పాంజి కదా, సగం చెరువు తాగేసింది! పిన్ని ఎలాగో బయటపడింది గానీ, పడవను ఒడ్డుకు లాగడానికి నలుగురం పట్టాల్సి వచ్చింది. పిన్ని కూడా మాతోపాటు పగలబడి నవ్వింది. ఇంటికొచ్చాక మాత్రం తెడ్డు మూలన పెట్టి మళ్లీ దానికేసి చూడలేదు. నాకు ప్రాణం ఉసూరుమంది.

"పోనీలే, ఒడ్డున కూర్చుని చూద్దువుగాని," అన్నాడు బాబాయి. ఆయనకు నీళ్లంటే చచ్చేంత భయం. ఆ మాట విని పిన్ని దిగ్గున లేచింది.

ఈసారి నీళ్లు పీల్చని గట్టి ఫోమ్ తెచ్చింది. ఉప్పుకాగితంతో ప్లాస్టిక్‌ను గరుకు చేసి, ఇటు ఫోమ్‌కూ అటు పడవకూ జిగురు రాసి, వేలికి అంటనంతగా ఆరనిచ్చింది. "ఇప్పుడు తగిలిందంటే ఉడుం పట్టే. సర్దుకోడానికి ఉండదు," అని ఊపిరి బిగబట్టి ఒక్కసారే నొక్కింది. వరండాలోనే పడవెక్కి ఊగింది. పిన్నితోపాటు పడవా ఊగింది. అటు పూలకుండీ పడింది, ఇటు బాబాయి టీ కప్పు పడింది. అయినా ఆగితేనా!

మరుసటి ఆదివారం పిన్ని మళ్లీ బోర్లా పడింది. పడవ అడుగు తప్ప ఏమీ కనిపించలేదు. మాస్టారు పక్కనే నిలబడి అంకెలు లెక్కపెడుతున్నాడు. బాబాయి నాలుగు దాకా ఓర్చుకున్నాడు. ఐదు అనేసరికి బూట్లతో సహా నీళ్లలోకి దూకేశాడు. ఆయన చెయ్యి అందేలోపే తెడ్డు నీటిని చరిచింది, పిన్ని గిర్రున పైకి లేచింది. జుట్టంతా మొహం మీద, నోటినిండా నవ్వు. నేను ఒడ్డున పిచ్చిదానిలా గెంతాను.

బాబాయి ఛాతీలోతు నీళ్లలో పడవ అంచు పట్టుకుని, "నీకేమన్నా అయితే..." అంటూ ఏడ్చేశాడు.

పిన్ని ఆయన తడితల నిమిరింది.

"ఏం కాలేదుగా. ఇక చెయ్యి వదులు మహానుభావా, మళ్లీ బోర్లా పడాలి నేను."