టైలరు కుడికాలు

ఆపరేషను అయిన మరునాటి పొద్దున నేను మంచం దగ్గరికి వెళ్లగానే ఆయన అడిగిన మొదటి మాట, "నా కాలు యాడుండాది మా?" అని.

మత్తు ఇంకా వదల్లేదేమో అనుకున్నాను. కాలు పోయినవాళ్లకు ఆ కాలు ఇంకా ఉన్నట్టే అనిపిస్తుందని, లేని పాదం దురద పెడుతోందని కూడా అంటారని మాకు పాఠంలో చెప్పారు. అందుకని నెమ్మదిగా, "ఆపరేషను అయిపోయింది చాచా. నిన్ననే తీసేసినారు" అన్నాను.

"తీసేసినారని నాకు తెలుసు మా. తీసేసి యాడ పెట్టినారు అని అడగతా ఉండా."

ఆస్పత్రిలో తీసేసిన కాళ్లూ చేతులూ ఎక్కడికి పోతాయో అంతవరకు నాకు ఆలోచనే రాలేదు.

అవి తొంభైల నడిమి రోజులు. మా నాయన వడమాలపేట పక్క పల్లెలో ఒక చిన్న చర్చికి ఉపదేశి. వాక్యం చదవడం, నలుగురిలో గట్టిగా ప్రార్థన చెయ్యడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. చదువు అయిపోయాక చిత్తూరు పక్కన ఒక మిషన్ ఆస్పత్రిలో శిక్షణకు చేరాను. రోగుల దగ్గర కూర్చోవడం, వాళ్ల భయం, దిగులు వినడం, చావు దగ్గరపడ్డ వాళ్లకు తోడుగా ఉండడం, ఇదీ ఆ పని. ఆస్పత్రి వాళ్లు దాన్ని చాప్లిన్ ఉద్యోగం అనేవాళ్లు. వార్డుల్లో మాత్రం నేను పాస్టరమ్మను.

మాకు నేర్పే ఆయన తిరుత్తణి వైపు మనిషి. తెలుగు మాట్లాడితే మధ్యమధ్యలో అరవం పడేది. మొదటిరోజే ఆయన మా అందరి బైబిళ్లూ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు.

"వార్డులోకి ఉత్త చేతులతో పోండి. ఆ మనిషి ఏం చెప్పుకుంటాడో వినండి. ప్రార్థన చెయ్యమని అడిగితే చెయ్యండి. అడక్కపోతే వద్దు."

నాకు తల మీద ఎవరో కొట్టినట్టయింది. ప్రార్థన చెయ్యకపోతే నేను అక్కడికి ఎందుకు వచ్చినట్టు? ఆ రాత్రి హాస్టల్లో అన్నం కూడా సరిగా తినలేకపోయాను. మా నాయనకు ఈ సంగతి తెలిస్తే వచ్చి నన్ను ఇంటికి తీసుకుపోతాడనుకున్నాను.

నాకు మగవాళ్ల సర్జరీ వార్డు ఇచ్చారు. అక్కడ ఉన్నాడు ఈ టైలరు. చిత్తూరు బజారులో ఆయనకు చిన్న అంగడి. బడిపిల్లల యూనిఫారాలు కుట్టేవాడు. షుగరు ముదిరి కాలికి స్పర్శ తగ్గిపోయింది. చెప్పులోని మేకు గుచ్చుకున్నా తెలియలేదు. పుండు నల్లబడి పైకి పాకింది. మోకాలి కింద వరకు తీసెయ్యకపోతే ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పారు. ఆయన ఒప్పుకున్నాడు గానీ ఎవరితోనూ మాట్లాడ్డం మానేశాడు. నేను రోజూ పోయి పక్కన కూర్చునేదాన్ని. ఆయన భార్య నాకు టీ పోసి ఇచ్చేది. ఆయన్ని చాచా అని, ఆమెను చాచీ అని పిలవమని చెప్పింది కూడా ఆమే. ఆపరేషనుకు తీసుకుపోయే ముందు కూడా చాచా నోరు విప్పలేదు. కాబట్టి ఈ కాలు సంగతే ఆయన నాతో మాట్లాడిన మొదటి సంగతి.

పక్క మంచం దగ్గరున్న నర్సును అడిగాను. ఆమె చార్టు రాసుకుంటూ, తల ఎత్తకుండానే, "ఇంకేం చేస్తారు, ఎనకాల పొయ్యిలో ఏసి కాల్చేస్తారు" అంది.

చాచీ చేతిలోని గ్లాసు కింద పడింది. చాచా కళ్లు మూసుకున్నాడు.

"మాలో కాల్చకూడదు మా" అంది చాచీ. "గోరు తీసినా, ఎంటిక ఊడినా మట్టిలో పెడతాము. ఇది కాలు."

అప్పటికి నాకు అర్థమయింది. ఆపరేషనుకు ముందు డాక్టరు అన్నీ చెప్పారు. మత్తు గురించి, రక్తం గురించి, కుట్ల గురించి. ఈ ఒక్కటీ ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

నేను పరుగెత్తాను. ఆస్పత్రి వెనక గోడ వారన ఇటుకల పొయ్యి ఒకటి ఉండేది. దాని ముందు అటెండరు గొంతుకూర్చుని కట్టెలు పేరుస్తున్నాడు. పక్కనే మూత వేసిన బకెట్లు. ఆ బకెట్ల వైపు చెయ్యి చూపించాను.

"నిన్న తీసిన కాలు..."

"ఈడే ఉండాది. ముందునాటి వానకు కట్టెలు నానిపొయినాయి, అందుకే నిన్న అంటీలేదు. ఇప్పుడు అంటీబోతా ఉండా. ఏం మా?"

అంటించొద్దని చెప్పి సర్జన్ను వెతుక్కుంటూ పోయాను.

అడిగితే ఆయన, "తీసుకుపొమ్మను. మాకు అభ్యంతరం ఏముంది?" అన్నారు. చాచీ తమ్ముడు ఆటో నడుపుతాడు. కబురు పంపితే వెంటనే వచ్చాడు. చాచీ తన సంచిలోంచి ఉతికిన తెల్ల పంచె తీసి ఇచ్చింది. అటెండరు బకెట్టు తెచ్చిస్తే థియేటర్లో నర్సు కాలును ఆ గుడ్డలో చుట్టి, తాడుతో కట్టి, నా చేతుల్లో పెట్టింది. నా చేతుల్లో ఎందుకంటే, తమ్ముడి రెండు చేతులూ ఆటో హ్యాండిలు మీద ఉండాలి. చాచీ భర్తను వదిలి రాదు. ఇంకెవరూ లేరు.

అంత బరువుగా ఉంటుందని నేను అనుకోలేదు. చల్లగా ఉంది. గుడ్డలోంచి మడమ నా మోచేతికి తగులుతోంది. ఆటో గుంటలో పడ్డప్పుడల్లా జారుతుందేమోనని ఇంకా దగ్గరికి అదుముకున్నాను. అలా అదుముకుంటూ, నేను పట్టుకున్నది ఒక మనిషి కాలని, ఆ మనిషి బతికే ఉన్నాడని గుర్తొచ్చేది.

రైలు గేటు వేసి ఉంటే ఆటో ఆగింది. పక్కన టీ అంగడి బెంచీ మీద కూర్చున్న ముసలాయన నా ఒళ్లోని తెల్లమూట చూశాడు. లేచి నిలబడి తలకు చుట్టిన తువ్వాలు తీశాడు.

"ఎన్ని నెల్ల బిడ్డ మా?" అన్నాడు.

నేను మూటను ఒళ్లో సర్దుకున్నాను. తమ్ముడు వెనక్కి తిరిగి చూడలేదు. ముసలాయన తల అడ్డంగా ఊపి, గేటు తెరిచేదాకా అలాగే నిలబడి ఉన్నాడు.

ఖబరస్తాన్ దగ్గర నేను లోపలికి పోలేదు. ఆడవాళ్లు రారని తమ్ముడు చెప్పాడు. మూట ఆయన చేతికిచ్చి గేటు దగ్గర నిలబడ్డాను. మసీదు హజరత్తు వచ్చాడు. చనిపోయినవాళ్లకు చేసే నమాజు దీనికీ చేస్తారేమోనని చూస్తున్నాను. ఆయన నా దగ్గరికే వచ్చి మెల్లగా చెప్పాడు.

"బతికుండే మనిషి కాలికి నమాజు లేదు మా. శుభ్రంగా మట్టిలో పెడితే చాలు. ఆ మనిషి కోసం మాత్రం దువా చేస్తాము."

తిరిగి వచ్చేటప్పుడు నా ఒడి ఖాళీ. చేతులు మాత్రం ఆ బరువును వదల్లేదు. సాయంత్రం వరకు దేన్ని పట్టుకున్నా మోస్తున్నట్టే ఉండింది.

చాచాకు చెప్పాం. ఆయన, "పాదం ఎటు పక్క పెట్టినారు?" అని బావమరిదిని అడిగి, జవాబు విని, గోడ వైపు తల తిప్పుకుని నిద్రపోయాడు. రాత్రంతా కునుకు తియ్యని మనిషి మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా నిద్రపోయాడు.

ఆ తర్వాత ఆయన మాట్లాడ్డం మొదలుపెట్టాడు. నేను పోయేసరికి నా కోసం చూస్తుండేవాడు. ఏ కాలితో మిషను తొక్కేవాడో, పండగలకు ముందు ఎలా తొక్కేవాడో చెప్పేవాడు. "ఇంగ మోటారు మిషను పెట్టుకుంటా. కాలుతో పనే లేదు" అనేవాడు. నా జాకెట్టు చేతి కుట్టు చూసి, ఎవరు కుట్టారో గానీ వాళ్ల మీద కేసు పెట్టచ్చన్నాడు. చాచీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఒకరోజు ఉన్నట్టుండి అడిగాడు. "నువ్వు ప్రార్థన చేసే మనిషివి కదా. నా కాడ ఒక్కరోజూ చెయ్యలేదే?"

"మీరు అడిగితేనే చెయ్యాలని మా సారు చెప్పినారు చాచా."

"అయితే ఇప్పుడు అడగతా ఉండా. నీ మాటల్లో నువ్వు అడుగు. నా మాటల్లో నేను అడగతా. ఆయనకు రెండూ తెలుసులే."

చేశాను. చిన్నదే. గొంతు పెంచకుండా చేసిన మొదటి ప్రార్థన అదే అయి ఉంటుంది.

కుట్లు బాగా మానుతున్నాయి, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపిస్తామన్నారు. ఆ మరునాడు పొద్దున నేను వార్డులోకి పోయేసరికి పరుపు మడిచి ఉంది. ఆయా ఇనప మంచాన్ని డెట్టాల్ నీళ్లతో తుడుస్తోంది. పక్కకు మార్చారేమోనని వరసంతా చూశాను. ఏ మంచం మీదా ఆయన లేడు.

"చాచా ఏడి?" అన్నాను.

నర్సు నా భుజం మీద చెయ్యి వేసింది. "పొద్దన్నే లేపి కూర్చోబెట్టినాము. ఊపిరాడ్డం లేదన్నాడు. డాక్టరు వచ్చేలోపే అయిపొయినాడు. రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు పొయ్యింటుందంట."

ఆమె మాటలు వినిపిస్తున్నాయి గానీ వాటికి అర్థం లేదు. మానుతున్న మనిషి. నా జాకెట్టు కుట్టు చూసి ఎగతాళి చేసిన మనిషి.

చాచీ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఏడవడం లేదు. ఆమె ముందు టిఫిన్ క్యారియరు మూత తీయకుండా ఉంది. నేర్చుకున్నవన్నీ గుర్తు చేసుకుంటూ ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె చెయ్యి పట్టుకోవాలి, తొందరపడి మాట్లాడకూడదు, ఆమెను మాట్లాడనివ్వాలి. చెయ్యి పట్టుకున్నానో లేదో నాకే ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకోలేకపోయాను. ఎవరైనా చూస్తారేమోనన్న స్పృహ కూడా లేదు.

చాచీ నా తల తన భుజానికి ఆనించుకుంది. "ఏడు బిడ్డా. నేనుండా కదా" అంది.

ఆ మాటకు నా ఏడుపు ఇంకా ఎక్కువయింది. భర్త పోయి గంట కూడా కాని మనిషి నా వీపు నిమురుతోంది.

ఆ మధ్యాహ్నమే కాలు పెట్టిన చోటు పక్కనే ఆయన్నీ పెట్టారు. తమ్ముడు వచ్చి చెప్పి వెళ్లాడు.

సాయంత్రం సారు గదికి పిలిచారు. జరిగిందంతా చెప్పాను. ఓదార్చాల్సింది నేను, ఆమే నన్ను ఓదార్చింది అన్నాను. తిడతారనుకున్నాను. ఆయన ఫ్లాస్కులోంచి టీ పోసి నా వైపు జరిపారు. నేను తాగడం అయ్యాక అన్నారు, "అదే మంచానికి కొత్త మనిషి వచ్చినాడు. పోయి చూసి రా."

అప్పుడే ఎలా పోగలననిపించింది. లేచాను.

ఆ మంచం మీద గూడూరు నిమ్మకాయల వ్యాపారి ఒకాయన ఉన్నాడు. బట్టతల, లావుపాటి మనిషి. మరునాడు హెర్నియా ఆపరేషను. చిత్తూరులో కూతురి ఇంటికి వచ్చి ఇక్కడ చేరాడట. ఫ్యాను సరిగా తిరగడం లేదని, దోమలున్నాయని చాలాసేపు చెప్పాడు. నేను ఆయన ముఖం వైపే చూస్తున్నాను, దుప్పటి వైపు చూడకుండా.

ఉన్నట్టుండి గొంతు తగ్గించి, "ఈ మంచం మీద ముందు ఎవరుండిరి మా? బాగై ఇంటికి పోయినాడా?" అన్నాడు.

అవునని చెప్పి లేచి వెళ్లిపోవచ్చు. ఆయన నా కళ్లలోకే చూస్తున్నాడు.

"లేదండీ. ఈ పొద్దునే చనిపోయినాడు. ఆయన జబ్బు వేరు, మీది వేరు."

ఆయన పెద్ద చేతులు రెండూ పొట్ట మీద పెట్టుకుని పైకి చూస్తూ పడుకున్నాడు. "నాకు భయంగా ఉండాది మా. మా పాపకు చెప్పొద్దు. కొంచేపు కూసో" అన్నాడు.

కూర్చున్నాను.