గట్టా, గొయ్యా?

2005 చలికాలంలో నన్ను ఢిల్లీలోని ఒక సైన్సు ప్రదర్శనశాలకు డెప్యుటేషన్ మీద పంపారు. ఉపగ్రహ చిత్రాలు చూసి, అక్కడున్నది గట్టో గొయ్యో తేల్చడం నా వృత్తి. అంగారకుడి గది నాకప్పగించారు. సాయానికి కాంట్రాక్టు మీద జ్యోతి ఉండేది. మచిలీపట్నం పిల్ల, ఘాజియాబాద్‌లో నర్సుగా పనిచేసే అక్క ఇంట్లో ఉండేది. ఆ నెలాఖరుతో కాంట్రాక్టు అయిపోతుంది. పొడిగించడం, మానడం డైరెక్టరుగారి ఇష్టం.

గదిలో ఒక పెద్ద చిత్రం ఉంది. అంగారకుడి మీద గాలి పలచనే, కానీ దుమ్మూ ఇసుకా మోసుకుంటూ యుగాల తరబడి ఒకే దిక్కున వీస్తే మెత్తటి రాయి అరిగిపోయి, గట్టి రాయి పొడవాటి గట్లుగా మిగులుతుంది. వీటిని యార్డాంగులంటారు. జ్యోతి ‘గాలి చెక్కిన గట్లు’ అని శీర్షిక రాసింది.

ప్రారంభానికి ముందురోజు డైరెక్టరుగారు వచ్చి, ఇవి గట్లేమిటి, నీళ్లు పారిన కాలువలు కదా, శీర్షిక మార్చమన్నారు. తలెత్తి చూస్తే నిజంగానే గోతుల్లా ఉన్నాయి! నాకు ఒళ్లు మండిపోయింది. మేం చిత్రాన్ని ఎప్పుడూ నీడలు మనవైపు పడేలా పెట్టుకుంటాం. వెలుగు పైనుంచి రావడం కంటికి అలవాటు; కిందనుంచి వస్తే గట్టు గొయ్యిలా కనిపిస్తుంది. చిత్రం బిగించడానికి ఫరీదాబాద్ నుంచి వచ్చిన ఫిట్టర్లేమో మ్యాపుల పద్ధతిలో ఉత్తరం పైకి పెట్టి బిగించేశారు; ఫోటో తీసినప్పుడు సూర్యుడు దక్షిణాన ఉన్నాడు, వెలుగు కిందనుంచి వచ్చినట్టయింది.

జ్యోతి మార్చనంది.

“మీ ఫైలు నా టేబుల్ మీదే ఉంది, తెలుసా?” అన్నారాయన హిందీలో.

“తెలుసు సార్. కానీ చూడ్డానికొచ్చే పిల్లలకి అబద్ధం ఎలా చెప్పను?”

అమ్మా తల్లీ, కాస్త ఊరుకోవే, అని లోపల్లోపల మొత్తుకున్నాను. ఆమె ఊరుకోలేదు. అదే చిత్రం చిన్న ప్రింటు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

“మీరే మెల్లగా తిప్పండి సార్.”

ఆయన తిప్పారు. “అరే!” అన్నారు. గోతులు గట్లై పైకి లేచాయి. మళ్లీ తిప్పారు, మళ్లీ తిప్పారు. మరి ఏది నిజమో తెలిసేదెలా అని అడిగారు.

“ఫోటో తీసినప్పుడు సూర్యుడు ఎటున్నాడో రాసి ఉంటుంది సార్. మా ఊరి ఒడ్డున బోర్లించిన పడవల్లా ఉంటాయివి. గాలికెదురుగా మొద్దు ముక్కు, వెనక సన్న తోక.”

“అచ్ఛా... ఠీక్ హై, జ్యోతీజీ.”

గోడమీది చిత్రాన్ని ఊడదీయించి, చూసేవాళ్లే తిప్పుకునేలా ఇరుసు మీద బిగించమన్నారు. కాంట్రాక్టు పొడిగించారు. నాకెంత సంతోషమైందో చెప్పలేను.

నేనైతే సూర్యుడి కోణం మీద ఉపన్యాసం దంచి, ఆ పిల్ల ఉద్యోగం ఊడగొట్టి ఉండేదాన్ని. తర్వాత నా దగ్గర చేరిన ట్రైనీలందరికీ మొదటిరోజు ఒకటే చెప్పాను: వాదించకండి, చిత్రం చేతికివ్వండి.