ఎనిమిది మూడ్లు, చివర ఒకటి

మొన్న మనవరాలు ఫోనులో లెక్కలు చేసుకుంటూంటే ఉండబట్టలేక నేనూ ఒక సంఖ్య ఇచ్చాను: వరుసగా ఎనిమిది మూడ్లు, చివర ఒకటి. రెప్పపాటులో ఆ పిల్ల "పదిహేడుతో పోతుందవ్వా" అనేసి మళ్ళీ తన పనిలో పడింది. శేషం లేకుండా పోతుందని నాకు ముప్ఫై ఏళ్ళుగా తెలుసు, అయినా ఆ మాట వినగానే పాత కోపమే మళ్ళీ రేగింది.

నా ఈడువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు, ఆ రోజుల్లో లెక్కంటే కాగితం, పెన్సిలు, ఓపిక. నేను హిందూపురం నుంచి, నా స్నేహితురాలు ధర్మవరం నుంచి, చెరొకవైపు ప్యాసింజరు బండెక్కి పెనుకొండ బడికి వచ్చేవాళ్ళం. ఇద్దరమూ లెక్కల టీచర్లమే, ఒక్క క్యారియరు విప్పుకుని తినేంత స్నేహం. ముప్ఫై ఒకటి, మూడువందల ముప్ఫై ఒకటి, ఇలా ముందు మూడ్లు చేర్చుకుంటూ పోతే వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనేమో, అంటే ఒకటీ తానూ తప్ప మరేదీ శేషం లేకుండా భాగించలేనివేమో అని ఒక మధ్యాహ్నం నాకు తోచింది. పాత జవాబుపత్రాల వెనకవైపు భాగహారాలు పంచుకుని చేస్తూ ఏడు మూడ్ల దాకా వచ్చేసరికి ఏడాది పట్టింది. ఏడూ నిలిచాయి.

ఎనిమిది మూడ్లదాన్ని వేసవి సెలవుల్లో తాను చేస్తానని తీసుకుపోయింది. బడి తెరిచిన రోజు కాగితాల కట్ట నా చేతిలో పెట్టి, "అన్నీ ఏసి చూసినానక్కా, ఒగటీ పోలేదు" అంది. విప్పి చూస్తే ఆమెను అనుమానించినట్టవుతుందని అలాగే బీరువాలో పెట్టాను, పిచ్చిదాన్ని.

తర్వాత హిందూపురంలో లెక్కల టీచర్ల సమావేశం జరిగింది. శిక్షణ ఇచ్చే బృందంలోకి మా బడి నుంచి ఒక్కరినే తీసుకుంటారు, ఆ ఒక్కరూ నేనే కావాలని ఎంత ఆశపడ్డానో ఇప్పుడు దాచుకోవడమెందుకు. ఆ సంఖ్యను బోర్డు మీద రాసి, దీన్నీ ఏదీ భాగించదని చెప్పి సుద్దముక్క పెట్టేయబోతుంటే ఆమె లేచి నిలబడి, "పదిహేడుతో ఒకసారి వేసి చూడండి మేడం" అంది. అంతవరకూ అక్కా అని పిలిచిన మనిషి! అందరి ముందూ వేశాను, ఒక్కొక్క అంకే దింపుకుంటూ పోతే చివరికి శేషం సున్నా. వెనక ఎవరో నవ్వారు. బృందంలోకి ఆమెనే తీసుకున్నారు.

మర్నాడు కట్ట విప్పాను. పదమూడు పక్కన శేషం ఆరు అని రాసి ఉంది. దాని కింద పదిహేడు, పక్కన సున్నా, ఆ సున్నా చుట్టూ పెన్సిలుతో ఒక గీత. అక్కడితో సరి, మిగతా కట్టంతా ఖాళీ కాగితాలే.

ఇప్పుడు ఫోను అడిగిన వెంటనే నిజం చెప్పేస్తుంది, ఒక భాగహారానికి ఇంకో మనిషిని నమ్మవలసిన పని లేదు, మనవరాలి తరానికి ఆ బాధ తప్పింది. పక్కన కూర్చుని వంతులేసుకునే మనిషి కూడా తప్పిపోయిందనుకోండి. కోపంకొద్దీ నేను మొదటి ఏడింటిలో ఆమె వంతు భాగహారాలన్నీ మళ్ళీ వేసి చూశాను. ఒక్క తప్పయినా దొరికితే బాగుండునని నెలల తరబడి వెతికాను, ఒక్కటీ దొరకలేదు.